చెట్లు మిగిలాయి, పిట్టలు మిగలలేదు: ఆస్ట్రేలియా పొలాలలో నాయిజీ మైనర్

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో గోధుమ పొలాల నడుమ, గొర్రెలు మేసే బీళ్ల అంచున, పాత జామాయిల్ చెట్ల తోపులు అక్కడక్కడ మిగిలి ఉన్నాయి. చెట్లు ఎత్తుగా, వయసు మీరి ఉంటాయి. వాటి తొర్రలు, పూలు, బెరడు పొరల కింద దాగే పురుగులు అన్నీ చిన్న పిట్టలకు అనువైనవే. అయినా అటువంటి అనేక తోపులలో ప్రవేశించిన పరిశీలకునికి వినిపించేది ఒకే పక్షి అరుపు. ఒకటి అరిస్తే పది వచ్చి చేరతాయి. కాసేపటికి తోపంతా ఆ గోలతో నిండిపోతుంది. చిన్న పిట్ట ఏదైనా పొరపాటున అటు వస్తే నిమిషాలలోనే దానిని తరిమివేస్తాయి.

ఈ పక్షి పేరు నాయిజీ మైనర్. శాస్త్రీయ నామం మనోరినా మెలనోసెఫాలా. తేనె తినే పక్షుల కుటుంబమైన మెలిఫాగిడేకు చెందినది. ఇది బయటి నుండి వచ్చిన ఆక్రమణ జాతి కాదు. మనుషులు అక్కడ గొడ్డలి పట్టకముందు నుండి ఆ నేలలో ఉన్న దేశీయ పక్షి. ఒక దేశీయ జాతి తన సొంత నేలలోనే తోటి జాతులకు ముప్పుగా మారడానికి కారణాలను వెదికితే, అవి పక్షి స్వభావంలో కొంత, పొలాల అమరికలో చాలా ఎక్కువగా కనిపిస్తాయి. పక్షిశాస్త్రానికి సంబంధించిన ఈ విషయాన్ని వ్యవసాయ విస్తరణ పత్రికలో ప్రస్తావించడానికి అదే కారణం.

మైనర్ అనే పేరుకు గనులతో సంబంధం లేదు. అది మన మైనా పేరే. పసుపు ముక్కు, పసుపు కాళ్లు, కంటి వద్ద పసుపు మచ్చ చూసి తొలి ఆంగ్లేయ వలసదారులు భారతదేశపు మైనాను, అంటే మన గోరువంకను, గుర్తు చేసుకున్నారు. అక్షరక్రమం మారి అది ఆంగ్లంలో మైనర్‌గా స్థిరపడింది. ఈ రెండు పక్షుల మధ్య దగ్గరి బంధుత్వం ఏమీ లేదు. 1801లో జాన్ లేథమ్ అనే ఆంగ్ల పక్షిశాస్త్రవేత్త ఈ పక్షిని ఒకే గ్రంథంలో నాలుగు చోట్ల, నాలుగు వేర్వేరు జాతులుగా వర్ణించాడు. మూడు చోట్ల బీ ఈటర్ పక్షులలో చేర్చాడు. నాలుగవ చోట కొండ గోరువంకలు చెందిన గ్రాక్యులా ప్రజాతిలో పెట్టాడు. ఆ నాలుగవ వర్ణనలోని ‘నల్లని తల గలది’ అనే అర్థమిచ్చే మెలనోసెఫాలా అనే మాటే నేటికీ నిలిచింది.

తరువాతి కాలంలో అసలు గోరువంక కూడా ఆస్ట్రేలియా చేరింది. 1862లో మెల్‌బోర్న్‌లో విడుదల చేశారు. 1883లో ఉత్తర క్వీన్స్‌లాండ్ చెరకు తోటలలో పురుగుల నివారణ కోసం ప్రవేశపెట్టారు. పురుగులు ఏ మేరకు తగ్గాయో గాని గోరువంక మాత్రం అక్కడ స్థిరపడిపోయింది. దానితో ఇప్పుడు తూర్పు తీర నగరాల పార్కులలో ఈ రెండు పక్షులూ ఒకే పచ్చికలో తిరుగుతాయి. సామాన్య ప్రజలు ఒకదానిని మరొకటిగా పొరబడతారు. గోరువంకను తొలగించే స్థానిక కార్యక్రమాలలో చట్టరక్షణ గల దేశీయ మైనర్ పట్టుబడే అవకాశం ఉన్నందున, రెంటినీ పక్కపక్కన చిత్రించిన కరపత్రాలను అక్కడ పంచుతారు.

ఆ పోలిక నేర్చుకోవడం కష్టం కాదు. గోరువంక ఒళ్లు ముదురు గోధుమ రంగు. ఎగిరినప్పుడు రెక్కలలో తెల్లని పట్టీలు మెరుస్తాయి. నాయిజీ మైనర్ ఒళ్లు బూడిద రంగు, కడుపు భాగం లేత. నుదురు తెల్లగా, నడినెత్తి, చెంపలు నల్లగా ఉంటాయి. దూరం నుండి చూస్తే ముఖానికి నల్లని ముసుగు కట్టినట్లు కనిపిస్తుంది. కంటి వెనుక ఈకలు లేని చిన్న పసుపు చర్మపు ముక్క ఉంటుంది. రొమ్ము మీది ఈకల అంచులు తెల్లగా ఉండడం వల్ల చేప పొలుసుల వంటి అమరిక ఏర్పడుతుంది. ముడిచిన రెక్క మీద ఆకుపచ్చ కలిసిన పసుపు చార ఒకటి ఉంటుంది. పొడవు 24 నుండి 28 సెంటీమీటర్లు. బరువు 70 నుండి 80 గ్రాములు. ఈ బరువును పాఠకులు గుర్తుంచుకోవలసి ఉంటుంది. ముందు ముందు దాని ప్రమేయం ఉంది. ఆడ, మగ పక్షులను చూపుతో వేరు చేయడం దాదాపు సాధ్యం కాదు.

తేనె తినే పక్షి అనగానే మన పెరటి మందారం మీద వేలాడే తేనెపిట్ట స్ఫురిస్తుంది. కాని మన తేనెపిట్టలు నెక్టారినిడే అనే వేరే కుటుంబానికి చెందినవి. పూతేనె అనే ఒకే ఆహారం వేర్వేరు వంశాలను ఒకే రకమైన జీవితానికి మలచింది. నాలుక నిర్మాణంలో మాత్రం తేడా తెలుస్తుంది. తేనెపిట్ట నాలుక గొట్టంలా ముడుచుకుని ఉంటుంది. మెలిఫాగిడే పక్షుల నాలుక కొస చీలికలు చీలికలై రంగుల కుంచెను పోలి ఉంటుంది. ఆ కుంచెను పూవులో ముంచి తేనెను అద్దుకొని తీస్తాయి. ఆస్ట్రేలియా, న్యూగినీ, పసిఫిక్ ద్వీపాలలో ఈ కుటుంబానికి సుమారు 190 జాతులు ఉన్నాయి. మన రైతులు కలప కోసం పెంచే జామాయిల్ జాతులైన యూకలిప్టస్ టెరెటికార్నిస్, యూకలిప్టస్ కమాల్డులెన్సిస్, అరకు కాఫీ తోటలలో నీడ కోసం నాటిన సిల్వర్ ఓక్ ఆ ప్రాంతపు చెట్లే. వాటి పూత మీద అక్కడ ఈ కుంచె నాలుకల పక్షులు వాలుతాయి.

మనోరినా ప్రజాతిలో నాలుగు జాతులు ఉన్నాయి. నాయిజీ మైనర్ కాక, పొడి ప్రాంతాలలో తిరిగే ఎల్లో త్రోటెడ్ మైనర్, అంతరించే ప్రమాదంలో ఉన్న బ్లాక్ ఈయర్డ్ మైనర్, గంట మోగినట్లు పలికే బెల్ మైనర్ మిగిలిన మూడు. చెట్ల ఆరోగ్యాన్ని చర్చించేటప్పుడు బెల్ మైనర్‌ను తిరిగి ప్రస్తావించుకుందాం.

ఆహారం, సంఘజీవనం

పేరులో తేనె ఉన్నా నాయిజీ మైనర్ ఆహారంలో పురుగులకు పెద్ద పాలు ఉంది. ఆకుల మీద, కొమ్మల మీద, నేల మీద వెదికి పురుగులను ఏరుకుంటుంది. పండ్లు తింటుంది. జామాయిల్ ఆకుల మీది లెర్ప్ దీనికి ప్రీతికరమైన ఆహారం. లెర్ప్ అంటే ఏమిటో కీటకశాస్త్ర విద్యార్థులకు కొంత వివరించాలి. నిమ్మ, బత్తాయి తోటలలో మనం చూసే సిల్లా పురుగుకు బంధువులైన సిల్లిడ్లు జామాయిల్ ఆకు రసాన్ని పీలుస్తాయి. వాటిలో కొన్ని జాతుల పిల్ల పురుగులు, తాము విసర్జించే తీపి పదార్థంతో తమ మీద చిన్న గోపురం వంటి తెల్లని కప్పును కట్టుకుంటాయి. ఆ కప్పే లెర్ప్. పిండిపదార్థం, చక్కెర నిండిన ఆ కప్పు పక్షులకు పూతేనెకు ప్రత్యామ్నాయం. పూత లేని నెలలలో కూడా దొరుకుతుంది. అందువల్ల లెర్ప్ ఉన్న చెట్లను కాపాడుకోవడం పక్షికి లాభసాటి.

కాపాడుకొనే తీరు అసాధారణమైనది. నాయిజీ మైనర్లు గుంపులుగా, కొన్ని చోట్ల వందల సంఖ్యలో, ఒకే చోట ఏడాది పొడవునా స్థిరంగా నివసిస్తాయి. గుంపు లోపల ప్రతి మగపక్షికి తాను ఎక్కువగా తిరిగే కొద్దిపాటి చోటు ఉంటుంది. ఇరుగు పొరుగు మగపక్షుల చోట్లు ఒకదానిపై ఒకటి పరచుకుని ఉంటాయి. ఆ విధంగా కలిసి తిరిగే మగపక్షులు చిన్న ముఠాగా ఏర్పడతాయి. అటువంటి ముఠాలు అనేకం కలిస్తే పెద్ద గుంపు. మగపిల్లలు పుట్టిన గుంపులోనే నిలిచిపోతాయి. ఆడపిల్లలు వేరే చోటికి వెళ్లిపోతాయి. మన పల్లె కుటుంబ వ్యవస్థను ఇది గుర్తుచేస్తే ఆశ్చర్యం లేదు గాని పోలిక అక్కడితో ఆపడం మంచిది.

గూడు కట్టడం, గుడ్లు పొదగడం ఆడపక్షి పని. పుల్లలు, గడ్డి అల్లి, లోపల వెంట్రుకలు, ఈకలు, దొరికిన చోట గొర్రె ఉన్ని పరుస్తుంది. 2 నుండి 4 గుడ్లు పెడుతుంది. సుమారు 16 రోజులలో పిల్లలు బయటికి వస్తాయి. ఇంచుమించు మరో 16 రోజులకు గూడు విడుస్తాయి. అప్పటి నుండి మగపక్షుల వంతు. ఒక గూటిలోని పిల్లలకు తండ్రి ఒక్కటే కాక అనేక మగపక్షులు మేత తెచ్చిపెడతాయి. ఒక్కొక్క గూటికి ఇరవై దాకా సహాయకులు వచ్చిన సందర్భాలు ఉన్నాయి. ఇన్ని మగపక్షులు శ్రమిస్తున్నందున పిల్లలకు తండ్రులు కూడా పలువురు ఉండవచ్చునని తొలుత భావించారు. డీఎన్‌ఏ పరీక్షలు ఆ ఊహను తోసిపుచ్చాయి. ఒక గూటి పిల్లలకు తండ్రి సాధారణంగా ఒక్కటే. మరొక విచిత్రం, గూటిలో ముందుగా గుడ్డు చీల్చుకొని వచ్చేది చాలావరకు మగపిల్ల అని తేలింది. మునుముందు సహాయకుడయ్యేది మగపిల్లే కదా!

అరుపులు కూడా ఈ సంఘజీవనానికి అమరినవే. ఆకాశంలో డేగ ఎగురుతూ కనిపిస్తే సన్నని ఈల వంటి హెచ్చరిక వేస్తాయి. విన్న పక్షులు ఆకుల మాటున దాగుతాయి. అదే డేగ కొమ్మ మీద కూర్చున్నా, నేల మీద పాము, ఉడుము కనిపించినా బొంగురుగా ‘చర్, చర్’ అని అరుస్తాయి. దానికి అర్థం దాగమని కాదు, రమ్మని. అందరూ చేరి శత్రువును చుట్టుముట్టి వేధిస్తారు. గుంపులు ఎదురైనప్పుడు రెక్కలు విప్పి, వంగి లేస్తూ, అన్నీ ఒక్కసారిగా అరిచే ప్రదర్శన ఒకటి ఉంది. దానికి ఆస్ట్రేలియా ఆదివాసుల సామూహిక నృత్యం పేరు మీద కరోబరీ అని పరిశోధకులు పేరు పెట్టారు.

తరిమివేత

పక్షులు తమ గూటిని, తమ ఆహారాన్ని కాపాడుకోవడం కొత్త విషయం కాదు. పోటీదారును తరమడం సాధారణం. నాయిజీ మైనర్ విషయంలో అసాధారణం ఏమంటే, అది తనకు పోటీ కాని వాటిని కూడా తరుముతుంది. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన డగ్లస్ డౌ 1970ల దశకంలో ఈ పక్షిని దీర్ఘకాలం పరిశీలించి, 1977లో ఎమూ పత్రికలో ప్రచురించిన వ్యాసంలో, ఈ దాడి విచక్షణ లేనిదని, దాని ఫలితంగా ఆ చోటు దాదాపు ఒకే జాతి పక్షి సొంతమవుతుందని నిర్ధారించారు. నేల మీద గింజలు ఏరుకొనే పక్షి, నీటి పక్షి, చివరికి కొమ్మ మీద నిద్రించే కోలా జంతువు కూడా దాని దాడికి గురి అవుతాయి. మన లకుముకి పిట్ట కుటుంబానికే చెందిన కూకబర్రా వంటి పెద్ద పక్షిని సైతం గుంపుగా వేధిస్తాయి. అయితే పెద్ద పక్షి ఆ వేధింపును ఓర్చుకొని నిలవగలదు. 10 గ్రాముల చుట్టూ తూగే పార్డలోట్, ఫెయిరీ రెన్, థార్న్‌బిల్ వంటి చిన్న పిట్టలు ఓర్చుకోలేవు.

పక్షి బరువు ఇక్కడే ప్రధానమవుతుంది. తూర్పు ఆస్ట్రేలియా అంతటా అనేక ప్రాంతాల పక్షి గణనలను ఒకచోట చేర్చి విశ్లేషించినప్పుడు, మైనర్ ఉన్న చోట సుమారు 63 గ్రాముల కంటే తక్కువ బరువు గల జాతులు తగ్గినట్లు, అంతకంటే పెద్దవి అంతగా ప్రభావితం కానట్లు వెల్లడైంది. ఆ ప్రభావం చూపడానికి మైనర్లు పెద్ద సంఖ్యలో ఉండనవసరం లేదు. హెక్టారుకు సగటున ఒకటి కూడా లేని సాంద్రత వద్దనే చిన్న పిట్టల సమాజం చెదిరిపోవడం మొదలవుతుంది. మాగ్‌పై, బుచర్‌బర్డ్ వంటి పెద్ద పక్షులు మాత్రం మైనర్లతో కలిసి అదే తోపులో కొనసాగుతాయి. వాటిలో కొన్ని చిన్న పిట్టల గూళ్లను దోచేవి కావడం చిన్న పిట్టలకు రెండవ దెబ్బ.

ఇదే స్వభావం గల పక్షి వేల ఏళ్లుగా ఉన్నప్పుడు ఇన్ని చిన్న జాతులు ఇంతవరకు ఎలా మనగలిగాయి? సమాధానం దాని ఆవాసంలో ఉంది. ఉత్తర క్వీన్స్‌లాండ్ నుండి న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా మీదుగా టాస్మానియా తూర్పు భాగం, దక్షిణ ఆస్ట్రేలియా ఆగ్నేయ భాగం వరకు ఇది వ్యాపించి ఉంది. కాని ఆ విస్తీర్ణం అంతటా సమానంగా ఉండదు. పైన ఎత్తైన జామాయిల్ చెట్లు, కింద పొదలు లేని గడ్డి నేల, చూపు దూరం సాగే ఖాళీ ఉన్న చోటును కోరుకుంటుంది. చొరబడిన పక్షిని దూరం నుండి చూడగలగాలి, ముఠాను పిలవగలగాలి, అడ్డు లేకుండా వెంటబడగలగాలి. దట్టమైన పొదలున్న అడవి లోపల ఈ మూడూ సాధ్యపడవు. పూర్వం ఇది అడవి అంచులలో, పలుచని వనాలలో పరిమితంగా ఉండేది. చిన్న పిట్టలకు లోపలి అడవి, పొదల మాటు మిగిలి ఉండేవి.

వలస వ్యవసాయం ఆ అమరికను తలక్రిందులు చేసింది. సారవంతమైన నేలలను ముందుగా పొలాలుగా మార్చారు. చెట్ల మొదలు చుట్టూ బెరడు ఒలిచి నిలువునా ఎండబెట్టారు. ఆ పెట్టుబాటు లేని పద్ధతిలో విశాలమైన వనాలు పోయాయి. వైట్ బాక్స్, ఎల్లో బాక్స్, బ్లేక్లీస్ రెడ్ గమ్ అనే జామాయిల్ జాతులు గడ్డినేలతో కలిసిన వనాలలో మంచి స్థితిలో మిగిలినది 5 శాతం లోపే. మిగిలినవి కూడా ముక్కలు ముక్కలుగా, పొలాల నడుమ ఎక్కడికక్కడ తెగిపోయాయి. ఆ ముక్కలలో పశువులు, గొర్రెలు మేసి కింది పొదలను, లేత మొక్కలను తినివేశాయి. పైన చెట్లు, కింద గడ్డి, చుట్టూ ఖాళీ. నాయిజీ మైనర్ కోరుకొనే ఆవాసాన్ని ఎవరో కొలతలు తీసి కట్టించి ఇచ్చినట్లయింది. పచ్చికబయళ్లు, అక్కడక్కడ జామాయిల్ చెట్లు గల నగర శివార్లు, ఏడాదిలో అధిక భాగం పూసే సంకర గ్రెవిల్లియా మొక్కల పెరటి తోటలు దానికి మరింత ఆసరా అయ్యాయి.

చెట్లకు జరిగే నష్టం

వ్యవసాయ శాస్త్రవేత్త అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. పురుగులు తినే చిన్న పిట్టలు పోతే చెట్టుకు ఏమవుతుంది?

దీనికి ఎక్కువగా ఉదహరించే ప్రయోగం బెల్ మైనర్ మీద జరిగింది. విక్టోరియాలో రిచర్డ్ లాయిన్ బృందం సిల్లిడ్లు పెరిగి ఆకులు క్షీణించిన అటవీ భాగం నుండి బెల్ మైనర్లను తొలగించింది. వెంటనే ఇతర కీటకాహార పక్షులు ఆ ఖాళీలోకి వచ్చి చేరాయి. కొద్ది నెలలలో సిల్లిడ్లు అంతరించి, చెట్ల ఆకులు కోలుకున్నాయి. ఈ ఫలితాలు 1983లో సైన్స్ పత్రికలో వెలువడ్డాయి. బెల్ మైనర్ కూడా లెర్ప్ తింటుంది కదా, అటువంటప్పుడు సిల్లిడ్లు పెరగడం ఎట్లా? తరువాతి పరిశీలనలలో దానికి ఒక ఆధారం దొరికింది. అది తీపి కప్పును మాత్రం లాగి తిని, పిల్ల పురుగును చాలాసార్లు ప్రాణంతో వదిలివేస్తుంది. పురుగు మళ్లీ కప్పు కట్టుకుంటుంది. పార్డలోట్ వంటి పిట్ట అయితే పురుగునే తింటుంది.

ఈ ఫలితాన్ని నాయిజీ మైనర్‌కు యథాతథంగా అన్వయించరాదు. బెల్ మైనర్ దట్టమైన పొదలున్న తేమ అడవిలో నివసిస్తుంది. మన అడవులను కూడా కమ్ముకొన్న లంటానా పొదలు అక్కడ దానికి ఆశ్రయమిస్తాయి. నాయిజీ మైనర్‌కు కావలసినది దానికి పూర్తిగా విరుద్ధం. పైగా జామాయిల్ చెట్లు పైనుండి ఎండిపోవడానికి నేల, నీటి పరిస్థితి, ఎరువు వేసిన మేత బీళ్లు, పెంకు పురుగుల ఉధృతి వంటి అనేక కారణాలు కలుస్తాయి. న్యూ సౌత్ వేల్స్‌లోని న్యూ ఇంగ్లండ్ పీఠభూమిలో 1970ల దశకంలో పొలాల చెట్లు పెద్ద ఎత్తున ఎండినప్పుడు ఆకు తినే పురుగుల పాత్ర స్పష్టమైంది. ఆ పురుగులను అదుపులో ఉంచగల చిన్న పిట్టలు ఆ పొలాల తోపులలో కొరవడ్డాయి. రెండు విషయాలకూ సంబంధం ఉందని చెప్పడం సమంజసం. కారణం పక్షి ఒక్కటే అని చెప్పడం సమంజసం కాదు.

పక్షి జాతుల విషయంలో మాత్రం సందేహానికి తావు లేదు. అదే కుటుంబానికి చెందిన రీజెంట్ హనీ ఈటర్ అనే నలుపు, పసుపు రంగుల అందమైన పక్షి ఒకప్పుడు పెద్ద గుంపులుగా పూత వెంట తిరిగేది. నేడు అడవిలో కొన్ని వందలు మాత్రమే మిగిలి, తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో ఉంది. దానికి మిగిలిన పూల చెట్లను నాయిజీ మైనర్ గుంపులు ఆక్రమించడం క్షీణతకు గల కారణాలలో ఒకటి. వయసు వచ్చిన మగపక్షులు చాలినన్ని లేనందున, పాట నేర్చుకోవలసిన కొన్ని యువ మగపక్షులు ఇతర జాతుల పాట పాడుతున్నట్లు 2021లో రాస్ క్రేట్స్ బృందం వెల్లడించింది. జత కుదరడానికి పాట అవసరమైన పక్షికి ఇది చిన్న నష్టం కాదు.

తుపాకీ, మొక్క

2014లో ఆస్ట్రేలియా సమాఖ్య ప్రభుత్వం తన పర్యావరణ చట్టం కింద, అధిక సంఖ్యలో పెరిగిన నాయిజీ మైనర్లు ఇతర పక్షులను వనాల నుండి తరిమివేయడాన్ని ‘కీలక ముప్పు ప్రక్రియ’గా నమోదు చేసింది. ఆ జాబితాలో ఎక్కువగా కనిపించేవి నక్క, అడవి పిల్లి, కుందేలు వంటి బయటి నుండి తెచ్చిన జంతువులు. దేశీయ పక్షి ప్రవర్తన అందులో చేరడం అరుదైన విషయం. అదే సమయంలో ఆ పక్షికి చట్టరక్షణ యథాతథంగా కొనసాగుతోంది. అనుమతి లేకుండా చంపడం నేరం.

అనుమతితో చంపి చూశారు. 1990ల దశకంలో మెరిలిన్ గ్రే, మైకేల్ క్లార్క్, రిచర్డ్ లాయిన్ చిన్న వనాల నుండి మైనర్లను తొలగించినప్పుడు, కొద్ది నెలలలోనే కీటకాహార పిట్టలు, ఇతర తేనె పక్షులు చాలా చోట్ల తిరిగి చేరాయి. ఆ పిట్టలు పూర్తిగా అంతరించలేదని, చోటు కోసం ఎదురుచూస్తున్నాయని దానితో రుజువైంది. కాని 2019లో వెలువడిన మరొక అధ్యయనం ఆ ఉత్సాహాన్ని తగ్గించింది. న్యూ సౌత్ వేల్స్ వ్యవసాయ ప్రాంతంలోని వనఖండాలలో 3,000కు పైగా మైనర్లను కాల్చివేసినా, చుట్టుపక్కల నుండి కొత్తవి వెంటనే వచ్చి ఆ చోటును నింపాయి. సంఖ్య చెప్పుకోదగినంత తగ్గలేదు. పొలాల మధ్య ఖాళీ తోపు మైనర్‌కు సిద్ధంగా ఉన్న ఇల్లు. ఒక కుటుంబం పోతే మరొకటి దిగుతుంది. రీజెంట్ హనీ ఈటర్ గూడు కట్టే లోయలలో, ఆ ఒక్క సీజను వరకు తొలగించినప్పుడు కొంత ప్రయోజనం కనిపించింది. అత్యవసర చికిత్సగా దానికి చోటు ఉంది. అంతకు మించి ఆశించడానికి ఆధారాలు చాలవని ఈ వ్యాస రచయిత అభిప్రాయం.

ఇక మిగిలింది ఆవాసాన్ని మార్చడం. ఇక్కడ ఒక లెక్క చూడాలి. 2007లో క్లార్క్, ఓల్డ్‌లాండ్ ప్రచురించిన అధ్యయనం ప్రకారం నాయిజీ మైనర్లు వనం అంచు నుండి 150 నుండి 300 మీటర్ల లోపలి వరకు ఆక్రమిస్తాయి. ఒక వైపు 600 మీటర్లు గల చదరపు వనాన్ని ఊహించండి. విస్తీర్ణం 36 హెక్టార్లు, అంటే సుమారు 90 ఎకరాలు. నాలుగు వైపుల నుండి 300 మీటర్లు తీసివేస్తే మిగిలేది సున్న. 100 హెక్టార్ల చదరపు వనంలో కూడా మైనర్ చేరని నడిమి భాగం 16 హెక్టార్లు మాత్రమే. ఒక కిలోమీటరు పొడవు, 20 మీటర్ల వెడల్పుతో పొలం గట్టు వెంబడి నాటిన గాలి నిరోధక వరుస సంగతి చెప్పనవసరం లేదు. అది మొత్తం అంచే. వనం నుండి బయటికి పొడుచుకు వచ్చిన మూలలు, విడిగా నిలిచిన చెట్ల గుంపులు కూడా వాటికి ఇష్టమైన స్థావరాలు. దశాబ్దాల పాటు పొలాలలో చెట్లు నాటే కార్యక్రమాలలో ఇటువంటి సన్నని జామాయిల్ వరుసలకు పెద్ద పీట వేశారు. త్వరగా పెరుగుతాయి, రైతుకు నీడ, గాలి అడ్డు దొరుకుతాయి, నివేదికలో మొక్కల సంఖ్య ఘనంగా కనిపిస్తుంది. పిట్టల కోసం నాటిన వరుసలు పిట్టలను తరిమే పక్షికి దారులయ్యాయి.

ఏ చెట్టు నాటారు అనేది వెడల్పుతో సమానంగా ముఖ్యం. 2006లో హేస్టింగ్స్, బీటీ అనే పరిశోధకులు నాటిన వనపంక్తులను పోల్చి చూశారు. జామాయిల్ మాత్రమే ఉన్న పంక్తులను మైనర్లు ఏలుతున్నాయి. 15 శాతానికి పైగా ఈకల వంటి ఆకులున్న తుమ్మజాతి మొక్కలు కలిసిన పంక్తులలో మైనర్లు గణనీయంగా తక్కువగా ఉన్నాయి, చిన్న పిట్టలు ఎక్కువగా ఉన్నాయి. ఈకల ఆకులు అంటే మన నల్లతుమ్మ ఆకు వంటివి. మనం ఆస్ట్రేలియా తుమ్మ అని పిలిచే చెట్టుకు ఉండేవి ఆకులు కావు, ఆకు రూపం దాల్చిన వెడల్పాటి కాడలు. ఈ ఫలితం ఆ రకం తుమ్మలకు వర్తించదు. విక్టోరియా పశ్చిమ ప్రాంతంలో మన సరుగుడుకు బంధువైన బులోక్ చెట్ల వనాలలో మార్టిన్ మారోన్ చేసిన అధ్యయనం మరొక కోణం చూపింది. బులోక్ మాత్రమే ఉన్న వనాన్ని మైనర్ పట్టించుకోదు. వాటి మధ్య హెక్టారుకు వేళ్ల మీద లెక్కించదగినన్ని జామాయిల్ చెట్లు ఉన్నా చాలు, ఆక్రమిస్తుంది.

ఆ ప్రాంతాల క్షేత్ర సలహాలు ఇప్పుడు ఈ దిశలో మారుతున్నాయి. కొత్త వరుస నాటడం కంటే ఉన్న వనాన్ని వెడల్పు చేయడం, మూలలను నింపి గుండ్రంగా చేయడం, జామాయిల్ సంఖ్య తగ్గించి ముళ్ల పొదలు, తుమ్మలు కలపడం వాటి సారాంశం. అన్నిటికంటే తక్కువ ఖర్చుతో అయ్యేది, రైతులకు అన్నిటికంటే కష్టంగా తోచేది ఒకటే. తోపు చుట్టూ కంచె వేసి గొర్రెలను కొన్నేళ్ల పాటు బయట ఉంచాలి. ఎండాకాలం మధ్యాహ్నం మందకు నీడ ఇచ్చేది ఆ తోపే. నీడ వదులుకొనే రైతుకు ప్రతిఫలంగా కనిపించేది మొదటి రెండు, మూడేళ్లు కలుపు గడ్డి మాత్రమే. ఆ తరువాత నేలలో మిగిలిన విత్తనాలు మొలిచి, పొదలు మోకాలెత్తు, నడుమెత్తు పెరిగి, మైనర్ చూపుకు అడ్డుపడేంత దట్టం కావడానికి వానలను బట్టి మరికొన్నేళ్లు పడుతుంది. అంతవరకు తోపులో అదే గొంతు వినిపిస్తూ ఉంటుంది.